పదిగంటల స్లైడు

తొమ్మిదో స్లైడు మీద నూనె చుక్క వేసి, భూతద్దం మైక్రోస్కోపు కటకాన్ని కిందికి దించాడు. ల్యాబులో అందరూ అతన్ని ‘భూతద్దం’ అనే పిలుస్తారు. ఇరవయ్యారేళ్ళుగా మైక్రోస్కోపుకి కళ్ళు అప్పగించి కూర్చోవడంతో ముక్కుకి రెండువైపులా నల్లటి గుంటలు పడ్డాయి. ఒకప్పుడు ఏ డాక్టరుకి అనుమానమొచ్చినా అతని స్టూలు దగ్గరికే వచ్చేవాడు. రెండేళ్ళుగా గుమ్మంలోంచే అడిగి పోతున్నారు: “ఆ అమ్మాయి లేదా?”

ఆ అమ్మాయి పని నేర్చుకున్నది అతని దగ్గరే. అదే అతనికి మింగుడుపడని సంగతి.

ఆమె చూసేసిన స్లైడుల్ని రోజూ దొంగచాటుగా మళ్ళీ చూస్తాడు, తప్పు దొరక్కపోతుందా అని. ఇవాళ దొరికింది. ఏడో మంచం మెకానిక్‌కి కాళ్ళు ఉబ్బాయి, మూత్రం తగ్గింది, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. స్లైడు నిండా ఎర్రకణాలు కొరికి ఊసినట్టు ముక్కలై ఉన్నాయి. ఆమె మాత్రం “స్లైడు సరిగా ఆరక విరిగినవి” అని రాసింది. కాదు. ఒంట్లోని రక్షణశక్తే ఎదురుతిరిగి సన్నటి నాళాల్లో గడ్డలు కట్టిస్తోంది. వాటిని ఒరుసుకుని కణాలు చీలుతున్నాయి. ఇలాంటిది అతను సర్వీసు మొత్తంలో రెండుసార్లే చూశాడు. వెంటనే ప్లాస్మా మార్చాలి.

గడియారం పది. ఫోను చేతికందే దూరంలోనే ఉంది.

రెండింటికి పెద్ద డాక్టరు వస్తాడు. అప్పుడు అందరి ముందూ చెబితే? ఆమె మొహం ఎలా మాడిపోతుందో ఊహించుకుంటూ స్లైడుని కోటు జేబులో వేసుకున్నాడు.

ఒంటిగంటకి ఆమె పరుగెత్తుకొచ్చింది.

“అన్నయ్యా, ఏడో మంచం స్లైడు చూశారా?”

“నేను చూళ్ళేదే.”

“పొద్దున్నుంచీ మనసు పీకుతోంది. అది కనబడక మళ్ళీ రక్తం తీయించి కొత్తది చేశా. నిజంగానే చీలిన కణాలు! పెద్దాయనకి ఫోన్ చేసేశా.”

పెద్దాయన ఏమన్నాడో ఆమె చెప్పలేదు. “శభాష్ తల్లీ” అనే ఉంటాడనుకుని అతను కుతకుతా ఉడికిపోయాడు.

ప్లాస్మా సంచులు వార్డుకి చేరేలోగా మెకానిక్ గుండె ఆగింది.

“నా వల్లే అన్నయ్యా! పొద్దున్నే పోల్చుకుని ఉంటే...” ఆమె స్టూలు మీద కూలబడి ఏడ్చింది. డాక్టర్లు చుట్టూ చేరారు.

“తప్పు ఒప్పుకోడానికి ధైర్యం కావాలమ్మా,” అన్నాడొకాయన.

అంతమందిలో అలా ఏడవగలగడం చూసి కూడా అతనికి కడుపు మండింది.

ఎవరూ గమనించకుండా వార్డుకి వెళ్ళాడు. ఏడో మంచం దుప్పటి అప్పటికే మార్చేశారు. మంచం కింద మూత్రం కొలిచే జాడీ మిగిలిపోయింది. దాని మీద నర్సు గంటగంటకీ మూత్రం మట్టం దగ్గర గీత గీసి వేళ రాసింది: పది, పదకొండు, పన్నెండు, ఒకటి. నాలుగు గీతలూ ఒక్కచోటే, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి.