నిండా పోసిన టీ

నేను కారు స్ప్రింగులు కోయను. మా మార్గిలాన్ ఊళ్ళో అందరికీ తెలుసు. కోస్తే కారు నేలకి దిగుతుంది, నిజమే. మెత్తదనం కూడా దాంతోనే తెగిపోతుంది. కోయమని వచ్చినవాళ్ళకి పక్క వీధి చూపిస్తాను.

హమ్దమ్ కోయమనలేదు. తన నెక్సియా కారుని నా షెడ్డు ముందు ఆపి దిగాడు. మెకానిక్‌నని అందరిలాగే వాడూ నన్ను ఉస్తా అంటాడు.

"ఉస్తా, దీన్ని కూర్చోబెట్టాలి. పై శుక్రవారం నా పెళ్ళి. స్నేహితుల కార్లన్నీ నేల మీద పాకుతాయి. నాది ఒంటెలా నిలబడింది. వరసలో పరువు పోతుంది."

"ఎంత దించాలి?"

"నాలుగు వేళ్ళు. కానీ మెత్తగా ఉండాలి."

"రెండూ కావాలా?"

"నానమ్మ ఇందులోనే రావాలి ఉస్తా. తుంటిలో ఇనప కడ్డీ వేశారు కదా. పెళ్ళికూతురి ఊరు రిష్తాన్ దాకా గంట దారి. పెళ్ళికూతురి చెయ్యి పట్టి కారెక్కించాల్సింది ఆవిడే. నన్ను పెంచింది ఆవిడ. ఆవిడ రాలేకపోతే నాకీ ఊరేగింపెందుకు?"

వాడి మొహం చూసి ఒప్పుకున్నాను. నాలుగు వేళ్ళు ఎక్కువని అప్పుడే చెప్పాల్సింది. నాకు మాటలు తొందరగా రావు.

మూడు రోజులు పట్టింది. స్ప్రింగు జోలికి పోలేదు. అది కూర్చునే పళ్ళేన్ని ఊడదీసి కిందికి జరిపి అతికించాను. పొట్టి షాక్ అబ్జార్బర్లు వేశాను. కారు అందంగా దిగింది. హమ్దమ్ దాని చుట్టూ తిరిగాడు, కూర్చుని చూశాడు, మళ్ళీ తిరిగాడు.

నా పరీక్ష ఒకటే. ముందు సీట్లో ఒకరు టీ గిన్నె పట్టుకుని కూర్చోవాలి. నేను కాలవ గట్టు మీద గతుకుల్లో నడుపుతాను. ఒలకకపోతే పని అయినట్టు. ఆ రోజు హమ్దమ్ నానమ్మ సాలిహా తానే వచ్చి కూర్చుంది. హమ్దమ్ ఫ్లాస్కులోంచి పెద్దవాళ్ళకి పోసినట్టే పోశాడు, మూడు గుక్కలు. మా వైపు గిన్నె నిండా పోస్తే ఇక లేచి వెళ్ళమని అర్థం. తను వెనక కూర్చున్నాడు.

గట్టు చివరిదాకా పోయి వచ్చాం. చుక్క ఒలకలేదు.

"చూశారా!" అని హమ్దమ్ నా భుజం చరిచాడు. "ఎలా ఉంది నానమ్మా?"

"పరుపులా ఉంది నాయనా."

ఆవిడ కుడి చేతిలో గిన్నె ఉంది. ఎడమ చెయ్యి సీటు అంచుని పట్టుకుని ఉంది. వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. కారు ఆగినా వదల్లేదు.

అప్పుడు తెలిసింది నాకు నా తప్పు. నలభై ఏళ్ళుగా నా పరీక్షకి కూర్చున్నవాళ్ళంతా నాకు అతిథులే. అందరికీ మర్యాదగా అడుగునే పోశాం. అడుగున ఉన్న టీ ఎక్కడ ఒలుకుతుంది? ఎన్ని నడుములు మర్యాదకి ఊరుకున్నాయో.

ఫ్లాస్కు తీసుకుని గిన్నె అంచు దాకా పోశాను. టీ అప్పటికే చల్లారింది.

హమ్దమ్ మొహం కందిపోయింది. "ఏంటి ఉస్తా మీరు? మా నానమ్మని లేచి పొమ్మంటున్నారా?"

"నువ్వూరుకోరా," అంది సాలిహా. "పొమ్మంటే మాత్రం ఈ కాలుతో ఎంత దూరం పోతాను? పోనివ్వండి ఉస్తా, బండి పోనివ్వండి."

మొదటి గతుకులోనే టీ ఆవిడ ఒళ్ళో పడింది. నాలుగు వేళ్ళు దించేసరికి స్ప్రింగు అణగడానికి చోటు మిగల్లేదు. బండి బరువంతా అడుగున ఉన్న రబ్బరు దిమ్మ మీద పడుతోంది. ఆపేశాను.

"ఎందుకు చెప్పలేదు నానమ్మా?"

"నీ మొహం అలా వెలుగుతుంటే తుంటి సంగతి ఎలా చెప్పనురా?"

హమ్దమ్ దిగాడు. టైరుకీ పైరేకుకీ మధ్య చెయ్యి పెట్టి చూశాడు. చాలాసేపు తియ్యలేదు.

"ఎంత లేపాలి?"

"రెండు వేళ్ళు."

"అంటే దింపింది రెండేనా? వాళ్ళు నవ్వుతారు ఉస్తా."

సాలిహా తలగుడ్డ అంచుతో ఒడి తుడుచుకుంటోంది. వాడు అటే చూశాడు.

"లేపండి," అన్నాడు.

రెండు రోజుల తర్వాత మళ్ళీ గట్టు మీదికి వెళ్ళాం. ఈసారి ఆవిడే నిండా పోసుకుంది. "ఉస్తా పొమ్మన్నా నేను పోనని రాసుకోండి," అని నవ్వింది. మూడో గతుకు దగ్గర టీ అంచు దాకా లేచి, వెనక్కి వెళ్ళింది.

శుక్రవారం కార్ల వరస నా షెడ్డు ముందు నుంచే నెమ్మదిగా పోయింది. అన్నీ నేలని రాసుకుంటూ పోతున్నాయి. మధ్యలో హమ్దమ్ కారు కాస్త ఎత్తుగా ఉంది.

వెనక కార్లోంచి ఎవడో అరిచాడు. "పెళ్ళికొడకా, పిల్ల ఎక్కడానికి నిచ్చెన తెచ్చావా?"

"నీ నడుముకి కట్టు తెచ్చాను, దారిలో కావాలిగా!" అన్నాడు హమ్దమ్.

ముందు సీట్లో సాలిహా ఎదుటికి చూస్తోంది. నా గుమ్మం ముందరి గతుకులో కారు దిగి లేచింది. ఆవిడ రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.