రెండు వేళ్ల ఎత్తు

తౌనోతో కాపురం కంటే గోడతో కాపురం మేలని హెల్వీ అభిప్రాయం. గోడ కూడా మాట వినదు, నిజమే. కానీ వెనక్కి నడిచి ఎవరినీ గుద్దదు. పోయిన సెప్టెంబరులో కొన్న ట్రక్కుకి వెనకవైపు చిన్న కెమెరా ఉంది. ఇంటికి తెచ్చిన రోజే తౌనో దానిమీద నల్ల టేపు అంటించాడు. “నా మెడ ఇంకా తిరుగుతోంది, మూడో కన్నెందుకు?” అన్నాడు. తిరిగే ఆ మెడతోనే ఈ అయిదు నెలల్లో రెండు చెత్తడబ్బాలు, పక్కింటివాళ్ల ఉత్తరాల పెట్టె, ఒక మంచు బొమ్మ కూల్చాడు. మంచు బొమ్మదే తప్పని ఇప్పటికీ వాదిస్తాడు. అది దారిలో నిలబడిందట.

ఆ ఫిబ్రవరి శుక్రవారం పొద్దున్న మైనస్ ఇరవై ఏడు డిగ్రీల చలి. హెల్వీ ట్రక్కు అద్దం మీది మంచు గీకుతోంది. ఇంజను గడ్డకట్టకుండా రాత్రంతా పెట్టి ఉంచిన కరెంటు తీగను తౌనో చుట్టలు చుడుతున్నాడు.

“ఆఖరి రోజు కదే, ఇవాళైనా కాస్త ఆలస్యంగా వెళ్లకూడదూ?”

“ముప్ఫై నాలుగేళ్లలో ఒక్కరోజు ఆలస్యం కాలేదు. నువ్వు దేన్నీ గుద్దకపోతే ఇవాళా కాదు.”

కెనడాలోని థండర్ బే ఆసుపత్రిలో సి.టి. స్కానింగు గది ఆమెది. కాగితాల ప్రకారం ఆసుపత్రిదే గానీ, ఆ మాట ఎవరూ ఆమె ముందు అనరు. అరవై మూడేళ్ల మనిషి, పొట్టి, చేతులు మాత్రం వెడల్పు. కళ్లద్దాలు తాడుకి వేలాడుతుంటాయి. కిరణాలు తగలకుండా వేసుకునే సీసపు ఏప్రన్లు ఏళ్ల తరబడి మోసి కుడి భుజం కొంచెం జారింది. మంచం దిగలేని ముసలివాళ్లను ఒక్క చేత్తో ఒత్తిగిలజేసి, బల్లమీదికి జరిపి, మోకాళ్ల కింద దిండు దూర్చేలోపు వాళ్లతో మనవల పేర్లు చెప్పించేస్తుంది.

మనిషి పడుకున్న బల్లను పెద్ద గుండ్రటి యంత్రంలోకి పంపాలి. ఒళ్లు ఆ గుండ్రానికి సరిగ్గా నడిమధ్యన ఉండేలా బల్ల ఎత్తు సరిచేయాలి. పక్కటెముకల మీద పడే ఎర్ర గీతను చూసి హెల్వీ అంతా సరిగ్గానే పెడుతుంది. పెట్టాక, రెండు వేళ్ల మందం కిందికి దించుతుంది.

దానికో కథ ఉంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, కాగితం మిల్లులో పనిచేసే భారీ మనిషి ఒకడు లోపలికి వెళ్తూ ముక్కుకి ఎదురుగా వచ్చిన యంత్రపు కప్పును చూసి బెంబేలెత్తి, చేతికున్న సూది పీక్కుని, ఆసుపత్రి గౌనుతోనే మంచులోకి పరిగెత్తాడు. వెనక భాగం ఊరంతా చూసింది. ఆ రోజు నుంచి హెల్వీ ప్రతి ముఖానికీ పైన రెండు వేళ్ల గాలి అదనంగా ఇచ్చింది. తరవాత ఒక్కరు కూడా పారిపోలేదు.

పోయిన అక్టోబరులో బల్లకు పైన, సీలింగుకి ఒక కెమెరా బిగించారు. అది పడుకున్న మనిషిని చూసి, ఒళ్లు ఎంత మందమో కొలిచి, బల్ల ఎంత ఎత్తులో ఉండాలో చెబుతుంది. రెండోరోజుకల్లా హెల్వీ దానికి ఎర్ర ఉన్నితో టోపీ అల్లి తొడిగింది. పైన కుచ్చు కూడా పెట్టింది. ఇదేమిటని మేనేజరు అడిగితే, “చలికాలం కదండీ” అంది. తోటి ఉద్యోగిని డార్సీ తన షిఫ్టులో టోపీ తీసి పనిచేసుకుని, వెళ్లేటప్పుడు మళ్లీ బుద్ధిగా తొడిగి వెళ్లేది. తౌనో ట్రక్కు టేపు గురించి రోజూ హెల్వీ చెప్పే చాడీలన్నీ ఆ టోపీ కిందే నిలబడి వినేది. ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆ పిల్ల ఓర్పు అలాంటిది.

నలుగురు రోగులయ్యాక హెల్వీ తన సొరుగు ఖాళీ చేయసాగింది. చేతులకు రాసుకునే క్రీము, ఉప్పు మిఠాయిల డబ్బా, ఎవరి మనవడో గీసిన ఏనుగు. అడుగున డార్సీ చేతిరాతతో ఒక కాగితం. మూడు నెలల స్కానులు తిరగేసి, ఎవరు బల్లను నడిమధ్యకు ఎంత దూరంలో పెట్టారో లెక్కతీసింది. “డార్సీ: 4 మి.మీ. కింద. హెల్వీ: 26 మి.మీ. కింద.”

హెల్వీ తన రెండు వేళ్లు జతచేసి చూసుకుంది. ఇంచుమించు అంతే.

“ఇది నా సొరుగులో ఎందుకుంది?”

డార్సీ ముఖం పాలిపోయింది. “మీకు చూపిద్దామని పెట్టాను. మళ్లీ తీసేద్దామనుకుని మర్చిపోయాను. మీ ఆఖరి రోజు కదా, వీడ్కోలు తీపి పక్కన ఇదెందుకని.”

“రెండు వేళ్లకి ఏమవుతుంది?”

డార్సీ గొంతు తగ్గించింది. “యంత్రం ముందు కిందినుంచి ఒక ఫొటో తీస్తుంది కదండీ. ఒళ్లు కిందికుంటే దీపానికి చెయ్యి దగ్గర పెట్టినట్టే, నీడ పెద్దదవుతుంది. మనిషి లావనుకుని యంత్రం కిరణాలు ఎక్కువ పోస్తుంది. మీకు తెలియనిదా?”

తెలియనిది కాదు. పుస్తకంలో చదివిందే. పుస్తకం ఒకవైపు, రోగి ముక్కు ఒకవైపు నిలబడితే హెల్వీ ఎప్పుడూ ముక్కు పక్షమే. కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుంది.

పదకొండున్నరకు నోవా వచ్చింది. ఏడేళ్ల పిల్ల. ఉత్తరాన రోడ్డు లేని ఊరినుంచి చిన్న విమానంలో వచ్చింది. మూత్రపిండం మీది గడ్డను ఏడాదిన్నర కిందట తీసేశారు. తిరిగి వచ్చిందేమోనని మూణ్ణెల్లకోసారి ఛాతీ చూస్తారు. ఇది ఆరోసారి. అయిదుసార్లూ హెల్వీయే చేసింది. ఇంకెవరైనా చేయి వేస్తే పిల్ల కొరుకుతుంది. వెంట, నోవా తమ భాషలో ‘కోకుమ్’ అని పిలిచే అమ్మమ్మ జెమైమా, తలకు పూల రుమాలు, కాళ్లకు పూసలు కుట్టిన బూట్లు.

“వెళ్లిపోతున్నావటగా?” అంది జెమైమా. “మరి ఇకమీదట దీని కాట్లు ఎవరు తింటారు?”

“డార్సీ తింటుంది. ఇంకా వయసుంది.”

జెమైమా నవ్వి, ప్రతిసారీ అడిగే మాటే అడిగింది. “ఈ వెలుతురు పిల్ల ఒంట్లో ఎంత మిగులుతుందమ్మా?”

ప్రతిసారీ హెల్వీ చెప్పే జవాబు ఒక్కటే: వీలైనంత తక్కువ. ఇవాళ ఆ మాట అనబోతుంటే జేబులో కాగితం చిన్నగా చప్పుడు చేసింది.

హెల్వీ పిల్లను బల్లమీద పడుకోబెట్టి, స్టూలు లాక్కుని ఎక్కి, కెమెరా టోపీ తీసింది. యంత్రాన్ని నడిపే పక్క గాజు గదిలో కూర్చున్న డార్సీ కుర్చీలోంచి సగం లేచింది.

“దానికి చలెయ్యదా?” అడిగింది బల్లమీద పడుకున్న నోవా.

“నేను తప్ప అందరూ వెయ్యదనే అన్నారు.”

తెరమీద పిల్ల ఆకారం చుట్టూ ఆకుపచ్చ గీత పడింది. సన్నటి ఒళ్లు, చేతులు తలపైకి, ఒక సాక్సు ఊడిపోతూ. బల్ల దానంతటదే పైకి లేచింది. ఒక వేలు, రెండు వేళ్లు. యంత్రపు కప్పు నోవా ముఖానికి దగ్గరైంది. హెల్వీ పిల్ల పాదం పట్టుకుని నిలబడింది. మిల్లు మనిషి పరిగెత్తిన తలుపు ఇంకా అక్కడే ఉంది.

“దగ్గరగా ఉందా? భయంగా ఉందా?”

నోవా పైకి చూసింది. కప్పు లోపల హెల్వీ ఎప్పుడో పిల్లల కోసం అంటించిన కాగితపు చేప ఉంది.

“ఈ చేపకి కన్నుంది!” అంది నోవా. “ఇన్నాళ్లూ గుడ్డి చేప అనుకున్నాను. కోకుమ్, దీనికి కన్నుంది!”

“చూసుకో, చూసుకో. కదలకు,” అంది కోకుమ్ గుమ్మం దగ్గరనుంచి, బయటికి నడుస్తూ.

హెల్వీ గాజు గదిలోకి వెళ్లి మీట నొక్కింది. అయిదు సెకన్ల పని. తెరమీద కిరణాల లెక్క పడింది. డార్సీ పోయినసారి లెక్కను పక్కన పెట్టింది. నాలుగో వంతు తక్కువ. బొమ్మ కూడా స్పష్టంగా వచ్చింది.

నోవా బూట్లు వేసుకుంటుంటే హెల్వీ జెమైమా పక్కన కూర్చుంది. మాట్లాడకపోయినా ఎవరికీ తెలియదు. సాయంత్రం నాలుగింటికి ఈ తలుపు దాటితే ఇక ఎప్పటికీ తెలియదు.

“ఇందాక ఎంత మిగులుతుందని అడిగావు,” అంది. “అయిదుసార్లూ ఉండాల్సినదానికంటే ఎక్కువే మిగిల్చాను. బల్ల రెండు వేళ్లు దించేదాన్ని, పిల్లకు భయం వేయకూడదని. కెమెరా చెబుతానంటే దాని కళ్లు మూశాను. నాది తప్పు, జెమైమా.”

జెమైమా ఆమె చేతులవంక చూసింది. “ప్రమాదమా?”

“పెద్దది కాదు. కానీ అక్కర్లేనిది. అక్కర్లేనిది పెట్టాను.”

“ఇక ముందో?”

“ఇక పెట్టరు. డార్సీ పెట్టదు.”

“మా ఊరికి నా చిన్నప్పటినుంచీ డాక్టర్లు విమానాల్లో వస్తున్నారు,” అంది జెమైమా. “సూదులిచ్చారు, మాత్రలిచ్చారు. ‘నాది తప్పు’ అన్న మాట మాత్రం ఎవరూ ఇవ్వలేదు.” ఆగి, రుమాలు ముడి బిగించుకుంది. “ఉద్యోగం మానేసే రోజున చెప్పావు చూడు, తెలివైనదానివే.”

హెల్వీ నవ్వబోయింది గాని కళ్లద్దాలు తుడుచుకోవలసి వచ్చింది.

మూడున్నరకు డార్సీ పెర్షియన్ల పెట్టె తెచ్చింది, పైన గులాబిరంగు పూత పూసిన బన్నులకు ఆ ఊళ్లో పేరది. అందరూ వేళ్లు నాకుతూ నాలుగు మంచి మాటలు చెప్పారు. మేనేజరు గడియారం ఇచ్చాడు. ముప్ఫై నాలుగేళ్లు ఆలస్యం కాని మనిషికి గడియారం. హెల్వీ మధ్యాహ్నమే మేనేజరుకు చూపించిన కాగితాన్ని నోటీసు బోర్డుకి గుచ్చింది, తన పేరు కొట్టేయకుండా. కింద ఒక వాక్యం రాసింది: “బల్ల దించకండి. పిల్లలకు చేప కన్ను కనబడాలి.” నాలుగింటికి కోటు వేసుకుని, ఎవరూ గమనించని నిమిషం చూసి వెళ్లిపోయింది.

బయట తౌనో ట్రక్కు వెనక నిలబడి, పసుపు ఇనపస్తంభాన్ని కోపంగా చూస్తున్నాడు. బంపరుకి కొత్త సొట్ట.

హెల్వీ చేతితొడుగు తీసి, వంగి, కెమెరా మీది నల్ల టేపును గోటితో ఊడబెరికింది. “ఎక్కు,” అంది.

తౌనో ఎక్కి రివర్సు గేరు వేశాడు. తెరమీద మంచు, తన చక్రాల గుర్తులు, వాటికి సరిగ్గా అడ్డంగా పసుపు స్తంభం కనిపించాయి.

“ఇది ఇక్కడ ఎప్పటినుంచి ఉంది?”

“నేను ఉద్యోగం చేసినంతకాలం.”

తౌనో గొంతు సవరించుకున్నాడు. నలభై ఏళ్ల కాపురంలో వాడని మాట కదా, బయటికి రావడానికి కొంచెం టైము పట్టింది. “సరేలే. తప్పు నాదే.”

పైన, స్కానింగు గదిలో, సీసపు ఏప్రన్ల వరస చివరి కొక్కేనికి, ఏ తలకూ పట్టని చిన్న ఎర్ర ఉన్ని టోపీ కుచ్చు కిందికి వేలాడుతూ మిగిలింది.