మా పిల్లి పేరు దొంగ

మా పిల్లి పేరు దొంగ. ఇంట్లో అడుగుపెట్టిన మొదటిరోజే కుట్టుమిషను మీదున్న ఎర్రదారం రీలు ఎత్తుకుపోయి బీరువా కింద దాచాడు. అప్పటికి మా అమ్మ బతికే ఉంది. మంచం మీంచే చూసి "ఓరి దొంగా" అంది. ఆ పేరే ఖాయమైపోయింది. టీకా కార్డు మీద పేరేం రాయమంటారని పశువుల డాక్టరు అడిగితే నేనూ అదే చెప్పాను. ఆయన నవ్వుకుంటూ రాసి ముద్ర కొట్టిచ్చాడు.

అమ్మ పోయాక ఇంట్లో మిగిలింది నేనూ, మిషనూ, వాడూ. నేను బట్టలు కుడుతున్నంతసేపూ పేలికల బుట్టలో పడుకొనేవాడు. మిషను ఆగితే తలెత్తి చూసేవాడు. ఒక మంగళవారం సాయంత్రం మిషను ఆపాను. బుట్టలోంచి తల లేవలేదు.

మూడు రోజులు కాలికి బలపం కట్టుకొని తిరిగాను. కాలవల్లోకి తొంగిచూశాను, ఇంటింటికీ వెళ్లి అడిగాను. నాలుగో రోజు ఎదురింటి హెడ్మాస్టారు ఆయన గేటు దగ్గరే తగిలారు. రిటైరై ఆరేళ్లవుతున్నా వీధి మొత్తాన్నీ ఆరో తరగతిలాగే చూసే మనిషి. తన స్కూటరు సీటు మీద మావాడు గోళ్లు పదును పెట్టుకుంటున్నాడని కాలనీ సంఘంలో రెండుసార్లు ఫిర్యాదు చేశారు కూడా. పిల్లులకి విశ్వాసం ఉండదు, పోతుంటాయమ్మా అన్నారు, ఎంతో జాలిగా. ఆయన కుడి ముంజేతి మీద మూడు ఎర్రటి గీతలున్నాయి. చేతిలో కూరగాయల ప్లాస్టిక్ కవరు ఉంది.

గీతల సంగతి సరే, నా చూపు ఆగింది కవరు దగ్గర. కిందటేడు వాళ్ల కర్టెన్లు కుట్టగా మిగిలిన నీలం గుడ్డతో ఆయనకొక సంచి కుట్టిచ్చాను. నాడా లాగితే మూతి బిగుసుకుంటుంది. అది లేకుండా ఆయన ఏనాడూ కూరలకి వెళ్లలేదు. సంచేదని అడిగాను. ఎక్కడో మరిచిపోయానన్నారు, నా మొహం చూడకుండా. నా ఒళ్లు భగ్గుమంది. నా సంచిలోనే నా పిల్లిని మూటకట్టాడు పెద్దమనిషి. ఎంత గింజుకున్నా చిరగకుండా దాని అంచులకి జంటకుట్టు వేసింది నేనే.

గొడవకి దిగితే సాక్ష్యం ఏదంటారు. అందుకని నేను ఎవర్నీ ఏమీ అనలేదు. నా పిల్లిని పిలుచుకున్నాను, అంతే. పొద్దున ఆయన వరండాలో పేపరు చదివే వేళా, సాయంత్రం స్నేహితులు కబుర్లకొచ్చే వేళా, పాలగిన్నె పట్టుకొని ఆయన గేటుకెదురుగా నిలబడేదాన్ని.

"దొంగా... లోపలే ఉన్నావా? బయటికి రారా దొంగా."

మొదటిరోజు ఆయన పేపరు మడిచారు. మూడో రోజు లోపలికి వెళ్లి తలుపేసుకున్నారు. వారం తిరిగేసరికి స్నేహితులు రావడం తగ్గించారు. అటుగా పోయేవాళ్లు నన్నొకసారి, ఆ గేటునొకసారి చూసి, పెదవులు బిగబట్టుకొని వెళ్లేవాళ్లు. నాకు హాయిగా ఉండేది. అబద్ధమెందుకు, రాత్రి ఏడ్చిన ఏడుపంతా పొద్దున ఆ ఒక్క పిలుపుతో తీరేది.

ఆయన ఊరుకోలేదు. పరువు తీస్తున్నానని సంఘంలో పంచాయితీ పెట్టించారు. నేను టీకా కార్డు తీసి బల్ల మీద పెట్టాను. సంఘం కార్యదర్శి పైకి చదివాడు. పేరు దొంగ, రంగు బూడిద, వయసు నాలుగేళ్లు. నవ్వొస్తుంటే దగ్గులోకి మళ్లించుకున్నాడు పాపం. పిల్లిని దాని పేరుతో పిలవకూడదనే రూలు మన పుస్తకంలో లేదండీ అన్నాడు. మర్నాటి నుంచి ఇంకో రెండు మెట్లు గొంతు పెంచాను.

పద్దెనిమిదో రోజు మాస్టారి భార్య మా గుమ్మంలోకి వచ్చింది. ఆమెని నేను వదినా అంటాను. పదేళ్లుగా ఆమె బట్టలన్నీ నా చేతి కుట్టే, కొలతలు నాకు నోటికొచ్చు. మనిషి చిక్కిపోయిందని టేపు పెట్టకుండానే తెలిసింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పిల్లి దొరికితే ఆ పిలుపు మానేస్తావా?" అంది.

"మానేస్తాను వదినా."

"ఒట్టు?"

"ఒట్టు. ఆ పేరు మళ్లీ నా నోట రాదు."

వంతెన అవతల గూడ్సు షెడ్డు అని చెప్పి, కళ్లు తుడుచుకొని వెళ్లిపోయింది.

షెడ్డులో బస్తాల మీద మావాడు కాళ్లు బారజాపుకొని పడుకొని ఉన్నాడు, నాకన్నా ఒళ్లు చేసి. వాడి కింద పరుపులా నా నీలం సంచి. నాడా కొరికేశాడు, జంటకుట్టు మాత్రం చెక్కుచెదరలేదు. ఇక్కడ వీడి పేరు దొర అన్నాడు వాచ్‌మన్. ఎవరు పిలిచినా పలకడట, తిండి వేళకి మాత్రం తనంతట తనే దయచేస్తాడట. వాణ్ణి గుండెకి అదుముకొని అక్కడే భోరుమన్నాను. వాచ్‌మన్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆ సంచిని ఉతికి, మాస్టారి వరండాలోంచి బాగా కనపడేలా మా తాడు మీద ఆరేశాను. ఇప్పటికీ తియ్యలేదు.

మాట మాత్రం నిలబెట్టుకున్నాను. వాడిప్పుడు దొర, ఆ పేరుతోనే పిలుస్తాను. కానీ వదినకి ఒట్టు వేసింది నేను, వీధి కాదు కదా. నోళ్లలో నలిగి నలిగి ఆ పేరు ఎదురింటికి అతుక్కుపోయింది. వదిన తన బట్టలు సందు చివరి టైలరుకి ఇస్తోంది. నేనెదురైతే తల తిప్పుకుంటుంది. అదొక్కటే నాకు గుచ్చుకుంటుంది.

నిన్న కొరియర్ అతను నడివీధిలో బండి ఆపి గట్టిగా అడిగాడు.

"టైలరమ్మగారి ఇల్లు ఇదేనాండీ? దొంగ ఇంటికి ఎదురిల్లు అని చెప్పారు."

వరండాలో మాస్టారు పేపరు దించారు. ఆయన వెనక, తలుపు దగ్గర వదిన. ఇద్దరూ నా వైపే చూస్తున్నారు. అది పిల్లి పేరయ్యా, అంటే సరిపోయేది. వదిన కళ్లు ఆ ఒక్క మాటే అడుగుతున్నాయి. దొర వచ్చి నా కాళ్లకి ఒళ్లు రాసుకుంటున్నాడు. ఒంగి వాణ్ణి చంకనేసుకున్నాను.

"అవునయ్యా, ఇదే" అన్నాను.