గీత మీద కాలు

ముప్పై ఏడు అన్నప్పుడు లేచింది. ముప్పై ఎనిమిదికి సగమే లేచింది. ముప్పై తొమ్మిదికి ఎడమ పాదం మొండికేసింది. అతను మంచం అంచున కూర్చుని, మడమ నేలకు ఆనించి, బొటనవేలి వంక గుర్రుగా చూశాడు. "లే" అన్నాడు మెల్లగా, బడికి పోనని ముడుచుకు పడుకున్న పిల్లాణ్ణి లేపినట్టు. బొటనవేలు కాసేపు ఆలోచించి పైకి లేచింది. దాని వెనకే మిగతా వేళ్ళు, వాటి వెనక పాదం. నలభై కూడా అయింది.

"అరవై చెయ్యమంది కదండీ ఆ ఫిజియోథెరపీ అమ్మాయి" అంది భార్య, కిటికీ దగ్గర కుట్టుమిషను మీద నుంచి తల తిప్పకుండా. ఎవరివో చొక్కాలు, తొమ్మిదింటికల్లా ఇవ్వాలి. మిషను ఆగలేదు.

"నీకు వీపుకి కూడా కళ్ళున్నాయి" అన్నాడతను. మిగతా ఇరవై కూడా చేశాడు.

అతను ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టులో కుడివైపు కాపు కాసే ఆటగాడు. కుర్రాళ్ళు అతన్ని మేకు అంటారు. ఎక్కడ దిగ్గొడితే అక్కడే ఉంటాడని. పదకొండేళ్ళలో ఒకే ఒక్క గోల్ కొట్టాడు, అదీ సొంత గోల్లోకి. పేపర్లో అతని పేరు ఎప్పుడూ పడలేదు, ఆ గోల్ రోజు తప్ప. అయితే అతని పక్క నుంచి బంతి తీసుకుని వెళ్ళినవాళ్ళు మాత్రం తక్కువ. ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, అతనికీ తెలుసు. పేపరువాళ్ళకి తెలియాల్సిన పని లేదు.

పద్నాలుగు నెలల కిందట, పాదం నేలలో పాతుకుని ఉండగా అవతలి జట్టువాడు లోపలివైపు నుంచి వచ్చి ఎడమ మోకాలి మీద పడ్డాడు. మోకాలు వంగకూడని వైపుకి వంగింది. లోపల ఎముకల్ని పట్టి ఉంచే పట్టీలు మూడు తెగాయి. వాటిని ఆపరేషను చేసి అతికించారు. అసలు చిక్కు మోకాలి పక్కన, చర్మం కిందే పోయే ఓ నరంతో వచ్చింది. అది తెగలేదు గానీ సాగి చితికిపోయింది. పాదాన్ని పైకెత్తేది ఆ నరమే. అది పడుకుంటే పాదం తడిగుడ్డలా వేలాడుతుంది. నడుస్తుంటే వేళ్ళు నేలకు రాసుకుంటాయి.

"నరం మళ్ళీ పెరుగుతుందన్నా, రోజుకో మిల్లీమీటరు" అంది ఫిజియోథెరపీ చేసే అమ్మాయి. "పెరగకపోవచ్చు కూడా."

రెండో మాట అతను చెవిన పెట్టలేదు. మొదటి మాట ఇంటికి తెచ్చి భార్యకు చెప్పాడు. ఆవిడ టేపు తీసి మోకాలి నుంచి బొటనవేలి దాకా కొలిచి, "అయితే ఏడాది పైన పడుతుంది" అంది, చొక్కా ఎప్పుడిస్తావని అడిగినవాళ్ళకి చెప్పినట్టే. ఆ తర్వాత ప్రతి ఆదివారం అతని కాలి మీద పైనుంచి కిందికి వేలితో తట్టుకుంటూ వచ్చేది. ఎక్కడ తట్టినప్పుడు పాదంలోకి జివ్వుమంటుందో అక్కడికి నరం చేరినట్టు లెక్క. అక్కడ సుద్దతో గుర్తు పెట్టేది. బట్ట మీద గీసే నీలం సుద్దే. ఆవిడకి వేరే సుద్ద లేదు.

మూడో నెలలో ఓ పరువు తక్కువ పని జరిగింది. పాదం లేచిందని గోల గోల చేశాడు. కింది అంతస్తు నుంచి పై అంతస్తు దాకా అందరికీ బిస్కెట్లు పంచాడు. మర్నాడు ఆ అమ్మాయి అతని వేళ్ళ కింద చెయ్యి పెట్టి, మళ్ళీ లేపమంది. లేపాడు. "అన్నా, నువ్వు లేపడం లేదు. ముందు కిందికి నొక్కుతున్నావు, తర్వాత వదిలేస్తున్నావు. వదిలేస్తే అదే కాస్త పైకి వస్తోంది" అంది. ఇంటికి వచ్చి గోడకేసి తిరిగి పడుకున్నాడు. మెట్ల మీద పక్కింటాయన కనబడితే వారం రోజులు తల దించుకుపోయాడు. బిస్కెట్లు వెనక్కి అడగలేం కదా అంది భార్య. దానికి అతను నవ్వాడు, ఆ నవ్వుతోనే మర్నాడు మళ్ళీ మంచం అంచున కూర్చున్నాడు.

నిజంగా లేచింది పదకొండో నెలలో. ఆ రోజు ఎవరికీ బిస్కెట్లు ఇవ్వలేదు.

ఈ రోజు సాయంత్రం ఐదింటికి ఈ ఏటి జట్టు జాబితా పోటీలు జరిపేవాళ్ళకి వెళ్ళిపోతుంది. ఇరవై మంది. పంతొమ్మిది పేర్లు కోచ్ ఎప్పుడో రాసేశాడు. నాలుగింటికి వచ్చి పరిగెత్తి చూపించు, కాలు ఈడ్చకుండా పరిగెత్తితే ఇరవయ్యో పేరు నీది, లేదంటే కొత్తగా వచ్చిన వాడిది అన్నాడు. అతనికి ముప్పై రెండేళ్ళు. ఈ ఏడు జాబితాలో లేనివాణ్ణి వచ్చే ఏడు ఎవరూ పిలవరు. అతనికి ఆట కాకుండా వచ్చిన పని, ఫ్యాక్టరీ స్టోర్సు కిటికీ దగ్గర నిలబడి పానాలు, డ్రిల్లు బిట్లు ఇచ్చి పుచ్చుకోవడం. అది చెడ్డ పనేం కాదు. కానీ కిటికీ ఇవతల నిలబడి ముసలివాణ్ణవుతానన్న ఆలోచన వచ్చినప్పుడల్లా అతనికి ఊపిరాడదు.

బూట్లు బిగించి మైదానానికి బయలుదేరాడు.

మైదానం ఫ్యాక్టరీ వెనక గోడను ఆనుకుని ఉంటుంది. దాని మూలన రేకుల గది. అందులో ఉండేది సున్నం మామ. నీళ్ళు పట్టడం, గడ్డి కత్తిరించడం, ఆటకు ముందు సున్నంతో గీతలు గీయడం అతని పని. ముప్పై ఏళ్ళుగా అదే పని. నెరిసిన తల, సున్నం పట్టిన గోళ్ళు. ఒక మోకాలు ఎత్తెత్తి, కాలవ దాటుతున్నట్టు నడుస్తాడు. కుర్రాళ్ళు ఆ నడక అనుకరించి నవ్వుకుంటారు. అతను పట్టించుకోడు. గీత తొక్కితే మాత్రం ఊరుకోడు. ఆ విషయంలో మేనేజరుని కూడా తిట్టిన మనిషి.

చంకకర్రలు వదిలిన కొత్తలో అతను మైదానం చుట్టూ కుంటుతుంటే మామే పిలిచాడు. "ఒరే మేకూ, ఊరికే తిరుగుతావెందుకు, ఈ బండి తొయ్యి."

సున్నం బండి అంటే నాలుగు చక్రాల మీద ఓ రేకు పెట్టె. తోస్తుంటే అడుగున సన్నంగా పొడి రాలుతుంది. దాని పిడి పట్టుకుంటే ఊతగా ఉంటుంది. బండి వెనక, అప్పుడే పడిన గీత మీద ఎడమకాలు వేస్తూ నడవమన్నాడు మామ. కాలు శుభ్రంగా ఎత్తి వేస్తే గీత మీద బూటు అచ్చు పడుతుంది, అంతే. వేళ్ళు ఈడిస్తే అక్కడ గీత చెదిరి తోకలా సాగుతుంది. నూరు మీటర్ల పక్కగీత. మొదటి రోజు మామ వెనకే వచ్చి తోకలు లెక్కపెట్టి, "నలభై ఏడు" అన్నాడు. తర్వాత ఆ గీతంతా చీపురుతో ఊడ్చి మళ్ళీ గీశాడు. ఆ రోజు నుంచీ అతను రోజూ పొద్దున్నే వచ్చాడు. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పనిదీ, అద్దం చూపించనిదీ సున్నం చూపించేది. తోకలు ముప్పై రెండు. పంతొమ్మిది. జ్వరం వచ్చి లేచిన వారం మళ్ళీ ఇరవై ఆరు. పోయిన వారం నాలుగు.

ఈ రోజు మామ లేవలేదు, గది ముందు స్టూలు మీదే కూర్చున్నాడు. ఛాతీ రాసుకుంటున్నాడు.

"ఏంటి మామా, అలా ఉన్నావు?"

"ఒంట్లో నలతగా ఉంది. నువ్వు గియ్యి, నేను చూస్తా."

"డాక్టరు దగ్గరికి పోదాం పద."

"ముందు గీత గియ్యరా."

అతను గీశాడు. పక్కగీత ఆ చివర దాకా వెళ్ళి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. మధ్యలో ఒక చోట రెండు, చివర్లో ఒకటి. వెనక్కి వచ్చాడు.

"మూడు" అన్నాడు మామ, కూర్చున్న చోటు నుంచే. ఆ కళ్ళు ఎలా పనిచేస్తాయో దేవుడికే తెలియాలి. "నువ్వు కాలినే చూసుకుంటూ నడుస్తున్నావు. అలా గుడ్లప్పగించి చూస్తే అది సిగ్గుపడుతుంది. అవతలి చివర కొయ్య పాతాను చూడు, దాన్ని చూడు. దాన్ని చూసి నడిస్తే గీతా తిన్నగా వస్తుంది, కాలూ తిన్నగా వస్తుంది."

"కాలు చూడకపోతే ఈడుస్తున్నానో లేదో ఎలా తెలుస్తుంది?"

"తెలియక్కర్లేదు."

ఆ మాట అతనికి నచ్చలేదు. పద్నాలుగు నెలలుగా ఆ కాలి మీద నుంచి చూపు తిప్పనివాడు. కానీ మామతో వాదించి గెలిచినవాళ్ళు లేరు. "నాలుగింటికి బయట కూర్చో, చూద్దువుగాని" అన్నాడు. "కూర్చుంటాలే, ముందు పనికి పో" అన్నాడు మామ.

స్టోర్సులో ఆ రోజు పొద్దు పోలేదు. పానా ఇచ్చి చీటీ పుచ్చుకున్నప్పుడల్లా కిటికీ వెనక, ఎవరికీ కనబడకుండా, మడమల మీద నిలబడి వేళ్ళు పైకెత్తేవాడు. పది లెక్కపెట్టి దించేవాడు. పన్నెండో నంబరు పానా అడిగినవాడికి పద్నాలుగో నంబరుది ఇచ్చాడు. వాడు వెనక్కి తెచ్చి, "మనసు మైదానంలో ఉన్నట్టుంది" అన్నాడు. "కాలిలో ఉంది" అన్నాడతను.

మూడుంబావుకి పెద్దసారుని అడిగి బయటపడ్డాడు.

కోచ్ పక్కగీత దగ్గర ఈల మెడలో వేసుకుని నిలబడి ఉన్నాడు. మంచివాడే, మాట మాత్రం పొదుపు. "ఈ చివర నుంచి ఆ చివరికి, అక్కడ తిరిగి మళ్ళీ ఇక్కడికి. ఐదు సార్లు. పూర్తి వేగం" అన్నాడు. అతను గది వైపు చూశాడు. స్టూలు ఖాళీగా ఉంది. తలుపు ఓరగా వేసి ఉంది. ముసలాడు నిద్రపోయి ఉంటాడు, అన్న మాట మరిచిపోయాడు అనుకున్నాడు. కొంచెం కోపం వచ్చింది.

మొదటిసారి బాగానే అయింది. రెండోసారీ అయింది. కళ్ళు కాలి మీదే ఉన్నాయి. మూడోసారి ఆ చివర తిరుగుతుంటే ఎడమ బూటు ముందుభాగం నేలను పట్టుకుంది. బోర్లా పడ్డాడు. నోట్లోకి సున్నం వెళ్ళింది. కోచ్ కదలకుండా చూస్తున్నాడు. ఆ చూపులో జాలి ఉంది. దెబ్బ కంటే అదే నొప్పి పుట్టింది.

లేచాడు. మోకాలు దులుపుకున్నాడు. "సార్, మళ్ళీ మొదటి నుంచి" అన్నాడు.

"మొదటి నుంచా?"

"ఐదూ చేస్తాను. ఈసారి పడితే మీరు చెప్పక్కర్లేదు, నేనే పోతా."

కోచ్ గడియారం చూసుకుని తలూపాడు.

అతను గీత మీద నిలబడ్డాడు. అవతలి చివర కొయ్య ఉంది, వేలెడంత కనబడుతోంది. దాని మీదే చూపు పెట్టాడు. కాలిని చూడాలని ప్రాణం కొట్టుకుంది. చూడలేదు. పరిగెత్తాడు. పాదం ఏం చేస్తోందో తెలియదు. తెలియకపోవడానికే మొదట భయం వేసింది, తర్వాత ఆ భయం కూడా వెనకబడిపోయింది. కొయ్య పెద్దదయింది. తిరిగాడు. ఇవతలి చివరా ఓ కొయ్య. మళ్ళీ తిరిగాడు. నాలుగోసారికి ఊపిరితిత్తులు మండిపోతున్నాయి, ఐదోసారికి కుడికాలే ఎక్కువ నొప్పిగా ఉంది. ఎడమకాలి సంగతి గుర్తు రాలేదు. పద్నాలుగు నెలల్లో దాన్ని అతను మరిచిపోవడం అదే మొదటిసారి.

కోచ్ గీత వెంట నడుచుకుంటూ వెళ్ళి చూసి వచ్చాడు. జేబులోంచి కాగితం తీసి మోకాలి మీద పెట్టుకుని రాశాడు. "ఇరవయ్యోవాడివి. ఆడిస్తానని మాట ఇవ్వను" అన్నాడు.

"అడగను సార్."

కోచ్ అటు వెళ్ళగానే అతను గది వైపు దాదాపు పరిగెత్తాడు. "మామా, ఒక్క తోక లేదు, వచ్చి చూసుకో" అంటూ తలుపు తోశాడు. మామ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. దుప్పటి కాళ్ళ మీద కప్పి ఉంది. "పొద్దుటి నుంచి పడుకునే ఉన్నావా?" అని భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. ఎంతసేపయిందో మరి, వేళ్ళు బిగుసుకుని ఉన్నాయి.

అతను మంచం పక్కన నేల మీద కూలబడ్డాడు. ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. పేరు రాయడానికైతే కోచ్ ఉన్నాడు. బాగుందిరా అని చెప్పాల్సిన మనిషి మామే. అతనికి కావలసింది ఆ ఒక్క మాటే.

ఫ్యాక్టరీ డాక్టరు వచ్చాడు, గుండె అన్నాడు. ఆఫీసు గుమాస్తా కాగితాలు వెతికి, అయినవాళ్ళ పేరు రాయాల్సిన చోట ఏమీ లేదన్నాడు. ఈయన ఇక్కడికి రాకముందు ఏం చేసేవాడు అని ఎవరో అడిగారు. ఎవరికీ తెలియదు. ముప్పై ఏళ్ళలో ఎవరూ అడగలేదు. "నా పేరు రాయండి" అన్నాడతను. గుమాస్తా రాసుకున్నాడు. చీకటి పడకముందే వ్యానులో తీసుకెళ్ళారు. గదికి తాళం వేసి వస్తానని, వెనకే వస్తానని అతను ఆగాడు.

తలుపు దగ్గరికి లాగుతుంటే గడప పక్కన మామ చెప్పులు కనిపించాయి. పొద్దునా సాయంత్రమూ ఆ గడప దాటినవాడే, అయినా వాటిని ఎప్పుడూ పరీక్షగా చూడలేదు. చెప్పుల వంక ఎవరు చూస్తారు. కుడిది మామూలు రబ్బరు చెప్పు. ఎడమదానికి మడమ వెనక నుంచి పురికొస కట్టి ఉంది, తెగిన చోటల్లా ముడి వేసి, ముడి మీద ముడి వేసి, సున్నం పట్టి గట్టిపడి.

దెబ్బ తగిలినప్పటి నుంచీ అతను చెప్పులు తొడుక్కోలేదు. లేవని పాదం చెప్పుని పట్టి ఉంచలేదు. నాలుగడుగులు వేసేసరికి ఎక్కడో జారిపోతుంది, జారినట్టు కూడా తెలియదు. మడమకి ఏదో ఒకటి కట్టుకుంటే తప్ప. ఈ సంగతి అలాంటి కాలున్నవాడికి తప్ప ఇంకొకడికి తెలియదు.

వంగి ఎడమ చెప్పు చేతిలోకి తీసుకున్నాడు. దాని ముందు అంచు అరిగి అరిగి కాగితమంత పలచబడి ఉంది.