తువ్వాల కింద చెయ్యి

భానూర్‌లో పొద్దున ఆరున్నరకు కంపెనీ బస్సులు జనాన్ని ఎత్తుకుపోతాయి. ఆ తర్వాత ముత్యమ్మ టీ కొట్టు దగ్గర మిగిలేది ఇద్దరే: పనిలేని కిష్టప్ప, పలకరించే దిక్కులేని పోచయ్య. ముత్యమ్మ టీలోనే కాదు, జాలిలోనూ నీళ్లు కలుపుతుంది. ఇద్దరూ వంక పెట్టరు.

పోచయ్య ఒకప్పుడు పశువుల అంగడిలో దళారి. భార్య కౌసల్య పోయింది, కొట్టం ఖాళీ అయింది. ఇంట్లో చప్పుడంటే ఇప్పుడు ఫ్రిజ్జుదే, అదీ కరెంటుంటేనే. అందుకే ఫోన్‌లో వేలానికొచ్చిన ఎద్దు మెడ గంటల కోసం మూడు రోజులు రెప్ప వాల్చకుండా పాట పెంచి గెలిచాడు. వాకిట్లో కడితే గాలికైనా మోగుతాయి కదా అని. పెళ్లి కుదిరినవాడిలా ఊరంతా చెప్పుకున్నాడు.

నాలుగో రోజు అమ్మినావిడ రాసింది: "క్షమించండి. మావారు పోయేముందు తలుపుకి కట్టినవి. విప్పబోతే చెయ్యి రాలేదు. కృష్ణప్రియ, బీరంగూడ."

"గెలిచినంక గిదేందన్నా! కంప్లైంటు కొట్టు" అంది ముత్యమ్మ.

"కొట్టిన చెల్లె. ఆమెకు ఒక్క స్టారే ఇయ్యమన్నరు యాపోళ్లు. గా స్టారు వాకిట్ల కడితే మోగుతదా?"

"ఎవడో ఎక్కువకు అడిగుంటడు. మాట మీద నిలబడాలె కదా" అన్నాడు కిష్టప్ప. కిష్టప్ప ఇంతవరకు ఏ మాట మీదా నిలబడిన పాపాన పోలేదు.

పోచయ్య భుజం మీది తువ్వాల తీసి ఫోన్ మీద కప్పి, కింద చెయ్యి పెట్టాడు. అంగడిలో బేరాలు అట్లాగే కుదిరేవి. తువ్వాల కింద వేళ్లు పట్టుకున్నాక, కొన్నవాడు వదిలేదాకా అమ్మినవాడు వెనక్కి పోవడానికి లేదు.

కాసేపటికి ఫోన్‌లోంచి కృష్ణప్రియ చెయ్యి వచ్చి అతని వేళ్లు అందుకుంది.

తువ్వాల తడవడం చూసి ముత్యమ్మ, "అంట్లు తోముకుంటున్నట్టుంది" అని టీ గ్లాసు పక్కకు జరిపింది.

"ఏమంటున్నదిరా?" అన్నాడు కిష్టప్ప.

పోచయ్య వేళ్లతోనే వింటున్నాడు. ఎక్కువ ధర దొరికిన చెయ్యి జారుకోవాలని చూస్తుంది. ఈ చెయ్యి అట్లా జారుకోవాలని చూడలేదు. దానికి సబ్బు జిగట కూడా లేదు. కళ్లు తుడుచుకున్న తడి. వేళ్లు కదిలినప్పుడల్లా అవతల గంటలు సన్నగా మోగుతున్నాయి.

ఇంకాస్త బిగిస్తే సాయంత్రానికి ఆ గంటలు తన వాకిట్లో ఉంటాయి. నలభై ఏళ్ల దళారీలో పోచయ్య ఎవరినీ వదిలింది లేదు.

"అమ్మా, గంటలు నీ తలుపుకే ఉండనియ్యి" అన్నాడు ఫోన్‌తో. "నాకు చప్పుడైతే చాలు. తోవ చెప్పు, వచ్చి జెర ఇని పోత."

వేళ్లు వదులు చేశాడు.

చెయ్యి పోలేదు. అతని వేళ్లు పట్టుకుని మెల్లగా రోడ్డు వైపు లాగింది.

పోచయ్య లేచాడు. షేర్ ఆటో వచ్చి ఆగింది. డ్రైవర్ తువ్వాల కప్పిన చేతిని చూసి, వెనక కూర్చున్నవాళ్ల మీద అరిచాడు:

"జెర జరుగుండ్రి. ఇద్దరెక్కుతున్నరు."