ఇనుముతో సహా రెండున్నర కిలోలు

నేను ఒక కాటాను. చేపలు, ఉల్లిపాయలు తూచే రకం కాదు. మనుషుల్ని తూస్తాను, అదీ వాళ్ళు అబద్ధమాడటం నేర్చుకోకముందే. గుండ్రటి ముఖం, మధ్యలో ఎర్ర ముల్లు, పైన తగిలించడానికి కొక్కెం, కింద బిడ్డను పడుకోబెట్టే గుడ్డ జోలె. నన్ను చూసి ఏడ్చిన బిడ్డ లేడు. నా దగ్గరికి వచ్చేసరికే అందరూ ఏడుస్తూ ఉంటారు.

నేను పుట్టింది ఎక్కడో ఉత్తరాదిన, ఒక రేకుల షెడ్డులో. స్ప్రింగు బిగించి, ముఖానికి తెల్లరంగు వేసి, ఇనుప గుండ్లు తగిలించి పరీక్ష పెట్టారు. ఒక్క గీత తేడా లేకుండా నెగ్గాను. నాతోపాటు పుట్టిన తమ్ముడొకడు చేపల బజారుకు వెళ్ళాడట. వాడిది అదృష్టం. అక్కడ కొనేవాళ్ళు ముల్లు మీంచి చూపు తిప్పరు. అమ్మేవాడి చిటికెనవేలు తగిలినా రభసే. నా దగ్గర అలా కాదు. బిడ్డను జోలెలో వేయగానే అందరూ ముక్కు ఎవరిది, చెవులు ఎవరివి అని పంచాయితీ పెడతారు. నా ముఖం చూసే నాథుడుండడు.

నన్ను శ్రీకాకుళం వైపు ఒక చిన్న ఆరోగ్య కేంద్రానికి పంపారు. మొదట కొన్నాళ్ళు సామాన్ల గదిలో పడేశారు. అక్కడి ఫార్మసిస్టు తన ఇంటి చింతపండు నాతోనే తూచుకునేవాడు. ఇందుకేనా పుట్టాను అని కుమిలిపోతుంటే సుగుణ అనే నర్సు వచ్చి నన్ను బయటికి తీసింది. జోలె ఉతికి, కాన్పుల గదిలో కొక్కేనికి తగిలించింది. బిడ్డ ఒంటి మీద నూలుపోగు లేకుండా తూచేది. కొత్తగా వచ్చిన వాళ్ళకు ఆవిడ చెబుతుంటే నా పని గొప్పతనం నాకే తెలిసింది. రెండున్నర కిలోలకు తక్కువ పుట్టిన బిడ్డ తొందరగా చల్లబడిపోతాడు, వాడికి వెచ్చదనం కావాలి. అలాంటి పిల్లలు ఎక్కడ ఎందరు పుట్టారో నెలనెలా జిల్లాకు రాసి పంపితే, ఏ కేంద్రానికి ఏం పంపాలో పైవాళ్ళు తేల్చుకుంటారు. ఆ రోజు నా ముల్లు గర్వంతో కొంచెం వణికిన మాట నిజం.

సుగుణ బదిలీ అయి కళావతి వచ్చింది. మనసు వెన్న, పేచీ అంటే మాత్రం భయం. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఒక పద్ధతుంది. పుట్టిన బిడ్డ పక్కన ఇనుము లేకపోతే గాలి సోకుతుందని నమ్మకం. అందుకని అమ్మమ్మలూ నానమ్మలూ బిడ్డను గుడ్డల్లో చుట్టేటప్పుడే లోపల ఏదో ఒక ఇనుము దోపుతారు. తాళంకప్ప, అడకత్తెర, విరిగిన కొడవలి. ఒకావిడ ఏకంగా మోటారు సైకిలు గొలుసు పెట్టింది. సుగుణ అయితే నచ్చజెప్పి మూట విప్పించేది. కళావతి విప్పమనేది కాదు. మూటను మూటగానే నాకు తగిలించేది. ముల్లు ఎక్కడ ఆగితే అది బిడ్డ బరువు. ఇంటి తాళాలన్నీ మనుషుల ఖాతాలోకి ఎక్కాయి.

ఆవిడకు తెలియక కాదు. తక్కువ రాస్తే నెలవారీ సమావేశంలో అందరి ముందూ చీవాట్లు. ఇంటి దగ్గర అత్తగారు కోడల్ని "సరిగ్గా తిని చావలేదు" అని కాల్చుకు తింటుంది. ఇనుముతో తూస్తే ఈ గొడవేమీ లేదు. "కాటా ఎంత చూపితే అంత రాశాను" అనేది కళావతి. చూశారా, పాపమంతా నా నెత్తిన! నాకు నోరుంటే ఆ రోజే చెప్పేదాన్ని, నేను తూచింది బిడ్డను కాదు తల్లీ, బిడ్డా వాడి సామానూ కలిపి అని.

ఏడాది తిరిగేసరికి మా కేంద్రం పేరు జిల్లా అంతా మోగిపోయింది. బరువు తక్కువ బిడ్డ ఒక్కడూ పుట్టలేదు మరి. మా డాక్టర్ ప్రతిమకు ప్రశంసాపత్రం ఇస్తామని కబురొచ్చింది. దాని వెనకే ఇంకో కాగితం వచ్చింది. మా దగ్గర వార్మర్ ఉంది, కరెంటుతో వెచ్చగా ఉండే చిన్న మంచం. ఊళ్ళవాళ్ళు దాన్ని ఎండపెట్టె అంటారు. ఇక్కడ దాని అవసరం లేదని లెక్కలు చెబుతున్నాయి కాబట్టి, కొండ మీది కేంద్రానికి తరలిస్తారట. లెక్క ప్రకారం చూస్తే అది న్యాయమే.

డాక్టరమ్మ ప్రశంసాపత్రం అందుకోవడానికి వెళ్ళిన రోజు పొద్దున్నే ఝాన్సీ అనే అమ్మాయి ప్రసవించింది. నెల తక్కువ మగబిడ్డ. పిడికెడంత ఉన్నాడు. ఏడుపు కూడా పిల్లికూన అరుపులా వచ్చింది. ఝాన్సీ తల్లి తవిటమ్మ వాడిని గబగబా గుడ్డల్లో చుట్టి, ధాన్యం గది తాళంకప్ప లోపల దోపింది. కళావతి ఎండపెట్టె కోసం పరుగెత్తింది. అది అప్పటికే వరండాలో ఉంది. జిల్లా నుంచి వచ్చిన గణాంకాధికారి వాసుదేవరావు గారు సంతకాలు పెడుతుంటే, ఇద్దరు కూలీలు దానికి తాళ్ళు కడుతున్నారు.

"సార్, ఆపండి. ఇప్పుడే పుట్టాడు, చాలా చిన్నగా ఉన్నాడు" అంది కళావతి.

ఆయన చెడ్డవాడేం కాదు. "తూచి చూపించండమ్మా, పైవాళ్ళకు నేను జవాబు చెప్పుకోవాలి కదా" అంటూ కాన్పుల గదిలోకి వచ్చాడు.

తవిటమ్మ మూటను నాకు తగిలించింది. నా ముల్లు రెండున్నర దాటి నిలబడింది. ఏం చేయను? ఉన్న బరువు చూపడమే నాకు వచ్చు. అంత సిగ్గు నేను చింతపండు తూచినప్పుడు కూడా పడలేదు.

"బాగానే ఉన్నాడు కదమ్మా" అన్నాడాయన. బయట కూలీలు మంచం ఎత్తారు.

కళావతి మూటలోకి చెయ్యి పెట్టి బిడ్డ పాదం పట్టుకుంది. అది చల్లగా తగిలింది. "సార్, లోపల తాళంకప్ప ఉంది. ఈ ఒక్కడికే కాదు, ఏడాదిగా నేను తూచిన మూటలన్నిట్లో ఇనుముంది. నా ఉద్యోగం పోతే పోయింది, ఆ మంచం మాత్రం దించండి" అంది.

కళావతి తవిటమ్మ వైపు తిరిగింది. "అమ్మా, బిడ్డ కాళ్ళు చల్లబడుతున్నాయి. ఆ ఇనుము తియ్యి. నిజం బరువు ఆయనకి చూపించాలి."

తవిటమ్మ మూటను రెండు చేతులతో అదుముకుంది. "తీనమ్మా! నా కడుపున పుట్టిన ఇద్దరు గుంటల్ని ఇనుము నేకే గాలి అట్టుకుపోనాది. ఈడ్ని కూడా ఇచ్చేయమంతావేటి?"

అప్పుడు కళావతి నా వైపు వేలు చూపించింది. "ఇదేటనుకున్నావమ్మా? కొక్కెం ఇనుము, లోపల స్ప్రింగు ఇనుము, ఒళ్ళంతా ఇనుము. ఇంత ఇనుము కింద ఊగుతున్న బిడ్డకి నీ తాళంకప్ప దేనికి?"

నా పుట్టుపూర్వోత్తరాలు ఒకరు గుర్తించడం అదే మొదటిసారి. తవిటమ్మ అనుమానంగా దగ్గరికొచ్చి, వేలి కణుపుతో నన్ను తట్టింది. టంగుమన్నాను, ఒంట్లో ఉన్న ఇనుమంతా కూడదీసుకుని. ఆవిడ కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంది. తాళంకప్ప తీసింది, గుడ్డలు విప్పింది, వాడిని ఉత్త ఒంటితో జోలెలో పెట్టింది.

ముల్లు కిందికి జారింది. పావు తక్కువ రెండు కిలోలు.

వాసుదేవరావు గారు నా ముఖం వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత ఆయనే వరండాలోకి పరుగెత్తి తాళ్ళు విప్పించాడు.

వాడు ఎండపెట్టెలో చాలా రోజులున్నాడు. మా కేంద్రం మొదటి స్థానం నుంచి అట్టడుగుకు వెళ్ళింది. కళావతికి మెమో వచ్చింది, ఉద్యోగం మాత్రం మిగిలింది. డాక్టర్ ప్రతిమ ప్రశంసాపత్రాన్ని గోడకు కొట్టకుండా బీరువాలో పెట్టింది. ఏడాది లెక్కలు పనికిరావని వాసుదేవరావు గారే పైకి రాశాడు. నిజం లెక్కలు వెళ్ళడం మొదలయ్యాక కొండ మీదికి కొత్త మంచం వచ్చింది, మాది మాకే ఉండిపోయింది. ఇక బరువు తక్కువ పిల్లలకు వెచ్చటి మంచమూ, వాళ్ళ తల్లులకు గుడ్లూ ఇస్తారని తెలియగానే, అమ్మమ్మలు ముల్లు తగ్గేలా జోలె కింద చెయ్యి పెట్టి మెల్లగా పైకి లేపడం మొదలుపెట్టారు. మనుషులు కదా! కళావతి ఇప్పుడు చేపలు కొనేవాళ్ళలా నన్నే చూస్తుంది కాబట్టి ఆ పప్పులు ఉడకలేదు.

ఈమధ్య కొత్త కాటా వచ్చింది. ప్లాస్టిక్ పళ్ళెం, పచ్చగా వెలిగే అంకెలు. నన్ను తీసి పాత సామాన్లలో వేయబోయారు. ఆ రోజే తవిటమ్మ, చిన్నకూతురికి అప్పుడే పుట్టిన మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. వెనకాల ఝాన్సీ, ఆమె చంకలో నా జోలె తాడు కోసం చేతులు చాపుతున్న పిల్లాడు. ఎంత బరువున్నాడో! ఝాన్సీ నడుం ఒక పక్కకు వంగిపోయింది. తవిటమ్మ కొత్త కాటాను తట్టి చూసి పెదవి విరిచింది. "ఇందల ఇనుమేదీ?" అంది. మూట విప్పనే లేదు.

కళావతి ఇంకేం మాట్లాడకుండా నన్ను తెచ్చి, కొత్త కాటాకు సరిగ్గా పైన మళ్ళీ కొక్కేనికి తగిలించింది.

అప్పటి నుంచి నేను అక్కడే వేలాడుతున్నాను. జోలె తీసేశారు, ముల్లు సున్నా దగ్గరే ఉంటుంది. జీతం లేని, పని లేని ఉద్యోగం. అయితేనేం, వచ్చిన ప్రతి అమ్మమ్మా ముందు తలెత్తి నన్ను చూస్తుంది, ఆ తర్వాతే మూట విప్పుతుంది.