రాణి పడితే లేవాలి

"కాస్త నా ముక్కలు పట్టుకో, ఇప్పుడే వస్తా," అని మా ఆయన బాత్రూంలోకి వెళ్ళారు. పెళ్ళయినప్పటి నుంచి పేకాటలో నా హోదా ఇదే. ఆదివారం భోజనాలయ్యాక ఈ ఇంట్లో నలుగురు కూర్చుంటారు: మామయ్యగారు, మా ఆయన, మరిది, అత్తయ్య. అత్తయ్యకి ఆ నాలుగో కుర్చీ నేను కాపురానికొచ్చాకే దొరికింది. అంతకుముందు టీలు ఆవిడే ఇచ్చేవారు. ఎవరైనా లేచి వెళ్తే వాళ్ళ బదులు నేను ఆడతాను. గెలిస్తే వాళ్ళు గెలిచినట్టు, ఓడితే నేను ఓడగొట్టినట్టు. ఈ ఇంటి మగవాళ్ళ మూత్రాశయాల పుణ్యమా అని నేను ఎన్ని ఆటలు గెలిచానంటే, నాకో స్టేడియం కట్టించి దానికి వాళ్ళ పేరు పెట్టుకోవచ్చు.

ఆ రోజూ ఆయన తిరిగొచ్చేసరికి గెలిచి పెట్టాను. "చూశారా నా చెయ్యి!" అన్నారాయన, తడిచేతులు నా చీరకొంగుకి తుడుచుకుంటూ.

నాకు కావలసింది వేరే. నేను మందుల హోల్‌సేల్ కంపెనీలో పని చేస్తాను. వేరే ఊళ్ళో కొత్త బ్రాంచి తెరుస్తున్నారు, నన్ను ఇన్‌చార్జిగా వెళ్ళమన్నారు. ఆ ఆదివారం సాయంత్రం లోపు చెప్పకపోతే, నా దగ్గర పని నేర్చుకున్నాయన వెళ్తాడు. వారమంతా అడిగితే మా ఆయన "ఆదివారం అందరం కూర్చుని నిర్ణయిద్దాం" అన్నారు. ఆదివారం వచ్చింది, అందరూ కూర్చున్నారు, నేను తప్ప. "ఇంకొక్క ఆట అయ్యాక," అన్నారాయన. "ఇల్లేమైపోతుందమ్మా?" అన్నారు మామయ్యగారు ముక్కల మీంచి కళ్ళెత్తకుండా. "నువ్వెళ్తే మాకు టీ ఎవరిస్తారు వదినా?" అన్నాడు మరిది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నా నవ్వు అలవాటు మీద దానంతటదే వచ్చేస్తుంది, నన్ను అడగదు. కానీ లోపల కోపం ఎంత రాజుకుందంటే, దాని మీద గిన్నె పెడితే వీధి మొత్తానికి వంటయ్యేది.

"కొత్త ఆట ఆడదామా? మా ఆఫీసులో ఆడతారు," అన్నాను. అబద్ధం. మా ఆఫీసులో తుమ్మడానికే సెలవు పెట్టాలి. కుర్చీ లాక్కుని కూర్చుని, ముక్కలు కలిపి, నలుగురికీ తలా పదమూడు పంచాను.

"వినండి. మొదటివాళ్ళు ఇస్పేటు వేస్తే అందరూ ఇస్పేటే వెయ్యాలి. లేకపోతే ఏదైనా వెయ్యొచ్చు. పెద్ద ముక్కది పట్టు, పట్టుకో పాయింటు. కానీ రాణి పడితే, పైన ఏమున్నా పట్టు రాణిదే."

"అబ్బో, రాణిగారికి యోగం పట్టింది!" అన్నాడు మరిది.

"పాయింటు మాత్రం ఆ రంగు రాజు ఎవరికొస్తే వాళ్ళకి. రాజు ఏమీ చెయ్యక్కర్లేదు, ఉంటే చాలు. రాణి వేసినవాళ్ళు లేచి, మిగతావాళ్ళు చెప్పిన పని చేసుకురావాలి. వాళ్ళ కోసం ఆట ఆగదు, వంతు పోతే పోయినట్టే. ఏ వస్తువు ఎక్కడుందని అడిగితే పాయింటు కోత. జాకీ వేసినవాళ్ళు 'నేను చేస్తాలే' అనాలి. చెయ్యక్కర్లేదు, అన్నందుకే అర పాయింటు."

పంచింది నేనే. రాణుల్లో మూడు మా ఆయనకే ఎలా వెళ్ళాయో దేవుడికే తెలియాలి. దేవుడికి నేను చెప్పలేదు.

మామయ్యగారు ఆఠీను వేశారు. మా ఆయన దగ్గరున్న ఒకే ఒక్క ఆఠీను రాణి. పడింది. రాజు మామయ్యగారిది. "టీ పట్రా," అన్నారాయన హాయిగా వెనక్కి వాలి. వంటింట్లోంచి డబ్బాల మూతలు ఊడుతున్న చప్పుడు. మా ఆయన కొత్త ఖండం కనిపెట్టడానికి వెళ్ళినట్టున్నారు.

"టీపొడి ఎక్కడుంది?"

"పాయింటు కోత," అన్నాను.

"పంచదార?"

"ఇంకోటి."

ఆయన లోపలున్నంతసేపూ నేను ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను. ఆయన బురద రంగు టీతో వచ్చేసరికి రెండు పట్లు అయిపోయాయి. కూర్చోగానే కళావరు రాణి పడింది, బాల్కనీలో బట్టలు మడతపెట్టి వచ్చారు. చెమట తుడుచుకునేలోపు డైమను రాణి పడింది. "అన్నయ్యా, గిన్నెలు!" అన్నాడు మరిది. ఏ పనికైనా "నేను చేస్తాలే" అని వాడప్పటికే పాయింటున్నర సంపాదించాడు.

మా ఆయన ముక్కలు విసిరికొట్టారు. "ఇదేం దిక్కుమాలిన ఆట! పట్టు నాది, చాకిరీ నాది, పాయింట్లు కూర్చున్నవాడికా? బుర్రున్నవాడెవడైనా ఆడతాడా దీన్ని?"

అప్పుడు చూశాను, అత్తయ్య కుర్చీలో లేరు. ఆవిడ రాణి వెయ్యనూ లేదు. ఎవరూ చెప్పకుండానే లేచి ఖాళీ కప్పులు ఏరుతున్నారు.

"నాకేం కొత్తగా లేదురా," అన్నారు ఆవిడ. "నువ్వు పుట్టకముందు నుంచీ ఆడుతున్నాను. పాయింట్లన్నీ మీ నాన్నకే."

మామయ్యగారికి ఉన్నట్టుండి తన ముక్కల్లో చదవాల్సింది చాలా కనిపించింది.

మా ఆయన కాసేపు మెడ రుద్దుకున్నారు. "సర్లే, అర్థమైంది. దగ్గరికి జరుగు. నీ బ్రాంచి సంగతి ఇప్పుడే అందరం నిర్ణయిద్దాం."

"అయిపోయిందండీ. మీరు పంచదార వెతుకుతున్నప్పుడే వెళ్తానని మా మేనేజరుకి మెసేజ్ పెట్టేశాను."

ఆయన నోరు తెరిచి, నా వైపు కాకుండా వాళ్ళమ్మ వైపు తిరిగారు. "చూశావా అమ్మా? నువ్వైనా చెప్పు!"

అత్తయ్య చేతిలోని కప్పులు తెచ్చి ఆయన ముందు పెట్టారు.

"రెండు గదులున్న ఇల్లు చూడవే," అన్నారు నాతో. "నేనూ వస్తా."